సున్న కాని సున్న

భాస్కరాచార్యుని లీలావతి (1150)లో ఒక చిత్రమైన లెక్క ఉంది. ఒక సంఖ్యను సున్నతో గుణించి, వచ్చినదానికి అందులో సగం కలిపి, మూడుతో హెచ్చవేసి, సున్నతో భాగిస్తే 63 వస్తుంది. ఆ సంఖ్య ఏది? నేటి పాఠశాలలో ఇది లెక్కే కాదు. సున్నతో గుణించగానే అంతా సున్న అయిపోతుంది. ఆపైన సున్నతో భాగించడం నిషిద్ధం. భాస్కరుడు మాత్రం 14 అని జవాబు చెప్పాడు. చేయవలసిన క్రియలు ఇంకా మిగిలివుంటే సున్నతో గుణించిన రాశిని వెంటనే సున్నగా మార్చరాదని, హారంలోనూ సున్న వచ్చినప్పుడు రాశి మారకుండా నిలుస్తుందని ఆయన నియమం. ఈ గణితం గ్రహగణనలో ఎంతో ఉపయోగమని కూడా అన్నాడు. ఇంతమాత్రానికే కలనగణితాన్ని ఆయనకు అంటగట్టనవసరం లేదు గాని, ఆ సున్న మామూలు సున్నలా ప్రవర్తించడం లేదన్నది స్పష్టం.

ఐదు శతాబ్దాల తరువాత ఐరోపాలో అలాంటి రాశే మళ్ళీ కనిపిస్తుంది. లైబ్నిట్స్ తన కలనగణితాన్ని 1684లో ప్రకటించాడు. అందులోని పద్ధతి స్థూలంగా ఇది: 3కు అనంతసూక్ష్మమైన ఒక రాశిని, దాన్ని ‘సూ’ అందాం, కలిపి వర్గం చేస్తే 9 + 6సూ + సూ² వస్తుంది. 9 కంటే పెరిగిన భాగాన్ని సూతో భాగిస్తే 6 + సూ. ఇక సూను వదిలేస్తే 6. అదే ఆ చోట వర్గం పెరిగే రేటు. జవాబు సరైనదే. దారి మాత్రం అనుమానాస్పదం. భాగించేటప్పుడు సూ సున్న కాకూడదు, వదిలేసేటప్పుడు సున్న కావాలి. ఒకే రాశి రెండూ ఎలా అవుతుందని 1734లో మతాచార్యుడు జార్జ్ బర్‌క్లీ నిలదీశాడు. గణితజ్ఞుల గర్వం అణచాలన్న ఉద్దేశం ఆయనకు ఉండి ఉండవచ్చు. ప్రశ్న మాత్రం న్యాయమైనది.

పందొమ్మిదవ శతాబ్దంలో కోషీ, వైర్‌స్ట్రాస్ ప్రభృతులు కలనగణితాన్ని అవధి భావన మీద నిలిపారు. క్రమంగా సూ అవసరమే లేకుండా పోయింది. వాస్తవ సంఖ్యలలో దానికి చోటు కూడా లేదు. అక్కడ ఎంత చిన్న ధనసంఖ్యనైనా తగినన్నిసార్లు కూడితే 1ని దాటుతుంది. దీన్ని ఆర్కిమెడిస్ ధర్మం అంటారు. అనంతసూక్ష్మాన్ని కోటిసార్లు కాదు, కోటికోట్లసార్లు కూడినా 1కి చేరదు. 0.999… కూ 1కీ మధ్య ఏదో సన్నని ఖాళీ ఉందని విద్యార్థులు వాదిస్తుంటారు. వారు కోరుకునే ఆ ఖాళీ వాస్తవ సంఖ్యలలో లేనిదే.

1960లో అబ్రహాం రాబిన్‌సన్ ఆ చోటు కల్పించాడు. గణిత తర్కశాస్త్రం ఆధారంగా ఆయన నిర్మించిన అతివాస్తవ సంఖ్యలలో సూ నిజంగానే ఉంది. అది సున్న కాదు కనుక దానితో భాగించవచ్చు. 1ని సూతో భాగిస్తే అనంతమైన సంఖ్య వస్తుంది. చివరకు 6 + సూను 6గా మార్చడం సూను సున్న అనడం కాదు, దానికి అతి సమీపంలోని వాస్తవ సంఖ్యను ఎంచుకోవడం. బర్‌క్లీకి ఇది సూటి సమాధానం. భాస్కరుని లెక్కలో సున్న స్థానంలో సూను ఉంచినా జవాబు 14 అనే వస్తుంది: 14సూ, 21సూ, 63సూ, 63.

అయితే ఈ సౌకర్యం ఉచితం కాదు. వాస్తవ సంఖ్యలలో పైహద్దు గల ప్రతి సమితికీ (అది శూన్యసమితి కాకపోతే) అన్నిటికన్నా చిన్న పైహద్దు ఒకటి ఉంటుంది. అనంతసూక్ష్మాలన్నిటినీ ఒక సమితిగా తీసుకుంటే 1 దానికి పైహద్దే, కాని కనిష్ఠమైనది దొరకదు. ఫలానాది అని చూపితే, అది స్వయంగా అనంతసూక్ష్మమైతే దాని రెట్టింపూ ఆ సమితిలోనే ఉండి దాన్ని మించిపోతుంది. కాకపోతే దాని సగమూ అనంతసూక్ష్మం కాదు. అంటే ఇంకా చిన్న పైహద్దు దొరికినట్లే.

ఇంకొక దారి అంతకు చాలా ముందే, 1873లో, విలియం క్లిఫర్డ్ చూపాడు. ఆయన ద్వంద్వ సంఖ్యలలో సూ సున్న కాదు, కాని సూ² సున్న. ఇక్కడ వదులుకోవలసింది భాగహారం: సూతో భాగించడానికి వీల్లేదు. కాని 3 + సూ వర్గం తిన్నగా 9 + 6సూ అవుతుంది. భాగించే పనీ లేదు, వదిలేసే పనీ లేదు. సూ పక్కనున్న 6ను చదువుకుంటే చాలు. నేటి కంప్యూటర్ ప్రోగ్రాములు మార్పు రేట్లను తమంతట తాము లెక్కించే పద్ధతులలో ఒకటి ఇదే.