బొంబాయి బస్సు ఎక్కే సీమ నుంచి బిగ్‌బాస్ ఇంటికి

నారాయణపేట, కోస్గి, మద్దూరు, దామరగిద్ద. ఈ పేర్లు చెబితే పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ముంబై బస్సే. ఇటునుంచి నేరుగా ముంబైకి ఆర్టీసీ బస్సు నడిచిందంటే అంతమంది ఎక్కారనే కదా. బియ్యం సంచి, జొన్నపిండి మూట, వంటగిన్నెలు, దుప్పట్లు బస్సు మీదికి చేరేవి. పిల్లల్ని మాత్రం చాలామంది అవ్వల దగ్గర వదిలిపోయేవారు. మళ్లీ ఉగాదికో, పీర్ల పండక్కో అమ్మానాన్నల్ని చూడడం.

అలాంటి చోట ‘రాను బొంబాయికి రాను’ అనే పాట పుట్టడం నాకు వింతగా అనిపించలేదు. హుషారైన పాటే. 2025లో పెళ్లి బరాత్‌లన్నింటా డీజేలో మోగింది. పాడి, ఆడి దాన్ని జనంలోకి తెచ్చిన రాము రాథోడ్‌ది మహబూబ్‌నగర్ జిల్లా. ఆ పాటే అతణ్ణి బిగ్‌బాస్ తొమ్మిదో సీజన్‌కు తీసుకుపోయింది.

2025 సెప్టెంబరు 7న ఆ సీజన్ మొదలైంది. ఇల్లు హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో. లోపల గడియారం ఉండదు, ఫోను ఉండదు, పేపరు రాదు. పాట వేసి లేపితే తెల్లారినట్టు. నడుముకు మైకు డబ్బా, మెడ దగ్గర చిన్న మైకు. తీసి పక్కన పెడితే వెంటనే పైనుంచి హెచ్చరిక వస్తుంది. అద్దాల వెనక కూడా కెమెరాలే, గుసగుస కూడా రికార్డవుతుంది. సోమవారం వస్తే నామినేషన్లు. నిన్న ఒకే కంచంలో తిన్నవాడి పేరే ఇవాళ, వాడి ముఖం మీదే, కారణంతో సహా చెప్పాలి.

1999లో నెదర్లాండ్స్‌లో జాన్ డి మోల్ మొదలుపెట్టిన ‘బిగ్ బ్రదర్’ 2006లో హిందీకి, 2017లో తెలుగుకు బిగ్‌బాస్ పేరుతో వచ్చింది. ఎక్కడికెళ్లినా సూత్రం ఒకటే: మనిషిని తనవాళ్ల నుంచి విడదీసి ఏం చేస్తాడో చూడడం. తొమ్మిదో సీజన్‌లో సామాన్యుల్ని ఓనర్లన్నారు, సెలబ్రిటీలను టెనెంట్లన్నారు. సెలబ్రిటీల్లో ఒకడిగా వెళ్లిన రాము కిరాయికున్నవాడయ్యాడు. వంట, ఊడ్చుడు వంటి ఇంటి పనులు మొదట్లో టెనెంట్ల మీదే పడ్డాయి.

నవంబరులో, తొమ్మిదో వారాంతంలో, అమ్మానాన్నలు యాదికొస్తున్నారు, ఉండలేనని హోస్ట్ నాగార్జునకు రాము చెప్పాడు. ఓట్లు చాలక కాదు, తనంతట తానే. గేటు తీశారు, వచ్చేశాడు. చేతికొచ్చిన అవకాశాన్ని వదులుకున్నాడని చాలామంది అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. పల్లెవాళ్లు తట్టుకోలేరనడం కూడా తప్పే. సిద్దిపేట జిల్లా కొల్గూరు రైతుబిడ్డ పల్లవి ప్రశాంత్ 2023లో ఏడో సీజన్ గెలిచే బయటికొచ్చాడు. 2017లో అదే జిల్లా మనిషి, నటుడు సంపూర్ణేశ్ బాబు మాత్రం లోనావాలాలోని అప్పటి బిగ్‌బాస్ ఇంట్లో ఇమడలేక మధ్యలోనే వచ్చేశాడు. 2020లో లంబాడిపల్లి గంగవ్వ ఏసీ చలి పడక, నిద్రపట్టక ఐదు వారాలకే ఊరు చేరింది. ఆటలో ఓడడం ఒకటి. మనవాళ్లు లేని చోట ఉండలేకపోవడం ఇంకొకటి. రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

తెలియనివాళ్ల మధ్య, ఒకరి కనుసన్నల్లో బతకడం పాలమూరుకు టీవీ నేర్పిన సంగతి కాదు. నాగార్జునసాగర్ మొదలు దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర ‘పాలమూరు లేబర్’ చెమటోడ్చింది. గుంపు మేస్త్రీ తండాకొచ్చి అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా మనిషి క్యాంపు దాటి పోవడానికి వీల్లేదు. పొద్దున తలలు లెక్కబెడతారు, మాపటికి మళ్లీ లెక్క. ఊళ్లో పెళ్లయినా, చావయినా మేస్త్రీ సరేనంటేనే ప్రయాణం. నల్గొండ జిల్లా దేవరకొండ, చందంపేట తండాల వాళ్లకూ ఈ బతుకు తెలుసు. వలసపోయినవాళ్ల పిల్లల బడి ఆగకుండా సర్కారు సీజనల్ హాస్టళ్లు పెట్టాల్సి వచ్చిందంటే ఎడబాటు ఎంత మామూలైపోయిందో చూడండి.

కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలతో కొన్ని మండలాల్లో చెరువులు నిండి వలస తగ్గింది. నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది 2024 ఫిబ్రవరిలోనే. నీళ్లు పారేదాకా ఆ వైపు జనం మూట కడుతూనే ఉంటారు. ఇలాంటి నేల మీద పెరిగినవాళ్లకు, సంపాదన మొదలైన తర్వాత అమ్మానాన్నల దగ్గర కూర్చోవడమే పెద్ద గెలుపు. దాన్ని ఏ ట్రోఫీతో కొలుస్తాం?

బిగ్‌బాస్ ఆపేయాలని నేననను. మా వైపు ముసలివాళ్లూ చూస్తారు, ఓట్లేస్తారు, వాదులాడుకుంటారు. అడిగేది ఒక్కటే. ఇప్పుడు క్యాంపులో ఉన్న కూలికైనా రాత్రికి ఇంటికి వీడియో కాల్ చేసుకునే వీలుంది. బిగ్‌బాస్ ఇంట్లో మాత్రం కుటుంబాన్ని చూడాలంటే దాదాపు రెండున్నర నెలలు ఆగాలి. అంతదాకా ఆగనక్కర్లేదు. కెమెరా ముందైనా సరే, మైకు పెట్టుకునైనా సరే, నెల తిరిగేసరికి అమ్మను ఒకసారి లోపలికి రానివ్వండి.