ఒకే వైపున రెండు కన్నులు: నాలుక చేప

చండ్రుగొండ వంటి అటవీ ప్రాంతంలో కూర్చుండి సముద్రపు చేపను గూర్చి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని భద్రాచలం మీదుగా పారే గోదావరి తనతో కొనిపోయే ఒండ్రు బంగాళాఖాతంలో చేరి మెత్తని నేలగా పరచుకొంటున్నది. అటువంటి నేలనే నివాసంగా చేసికొన్న చిన్న ప్రాణి నాలుక చేప. కనుక అది మనకు బొత్తిగా పరాయిది కాదు.

పేరుకు తగినట్లు ఈ చేప శరీరం నాలుక వలె పలుచగా, పొడవుగా, తోకవైపు సన్నగిల్లి ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీని ప్రజాతికి పెట్టిన 'సైనోగ్లోసస్' అనే పేరుకు గ్రీకు భాషలో 'కుక్క నాలుక' అని అర్థం. వీపు రెక్క, పొట్ట క్రింది రెక్క తోకతో కలిసిపోయి శరీరం చుట్టూ అంచు కుట్టినట్లు కనిపిస్తాయి. పెరిగిన చేపకు మొప్పల ప్రక్కన ఉండవలసిన జత రెక్కలు లేవు. ముక్కు కొన కొక్కెం వలె నోటిపైకి వంగి ఉంటుంది. చిన్నవైన రెండు కన్నులూ ఎడమ వైపుననే ఉంటాయి. ఆ వైపు గోధుమ రంగు. కొన్ని జాతులలో దానిపై ముదురు మచ్చలు. నేలను తాకే కుడివైపు మాత్రం తెల్లగా ఉంటుంది.

మన తీరంలో బల్లపరుపు చేపలను గూర్చిన పరిశీలన నేటిది కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో లండన్‌లో గ్రంథంగా వెలువడినవి. స్థానికుల నోట విన్న పేర్లనే ఆయన అందులో వ్రాసికొన్నాడు. కొన్ని బల్లపరుపు చేపలకు ఇచ్చిన పేరు 'జెర్రిపోతు'.

నాలుక చేప తీరానికి సమీపంలోని బురద, ఇసుక నేలలలోను, కొన్ని జాతులు నదీ ముఖాలలోను నివసిస్తాయి. ఒంటిపై ఇసుక కప్పుకొని కన్నులు మాత్రం పైకి తేల్చి కదలక పడియుండి, నేలలోని పురుగులను, చిన్న రొయ్య జాతి జీవులను తింటుంది. దీని దూరపు బంధువైన 'బోథస్' అనే చేప గళ్ల బల్లపై ఉంచినపుడు కొద్ది సెకన్లలోనే తన ఒంటి మచ్చలను ఆ గళ్లకు తగినట్లు మార్చుకొన్నదని వి.ఎస్. రామచంద్రన్ బృందం 1996లో ప్రకటించింది.

అయితే అన్నిటికన్న ఆశ్చర్యకరమైనది కన్నుల కథ. గుడ్డు నుండి వెలువడిన పిల్లకు అన్ని చేపల వలెనే ఇరువైపులా చెరియొక కన్ను ఉంటుంది. అది నిటారుగా ఈదుతుంది. తరువాత పుర్రె వంకర తిరిగి, కుడి కన్ను క్రమంగా ఎడమ వైపునకు చేరుతుంది. అంతట చేప కుడి ప్రక్కకు ఒరిగి నేలపై స్థిరపడుతుంది. తోకకప్పను కప్పగా మార్చే థైరాయిడ్ హార్మోనే బల్లపరుపు చేపలలో ఈ మార్పునూ నడుపుతున్నది.

ఈ కన్నే ఒకప్పుడు డార్విన్‌కు చిక్కు ప్రశ్న అయినది. కన్ను కొంచెం మాత్రమే జరిగితే చేపకు ఒరిగే లాభమేమని 1871లో మైవర్ట్ ఆక్షేపించాడు. డార్విన్ ఆ ప్రశ్నను దాటవేయక, 1872లో తన గ్రంథపు ఆరవ కూర్పులో సమాధానం చెప్పబూనినాడు: ప్రక్కకు పడుకొన్న పిల్లచేపలు క్రింది కంటితో పైకి చూడ యత్నిస్తాయన్న పరిశీలనను ఉదహరించాడు. కాని సగం జరిగిన కన్ను గల చేప అప్పటికి ఎవరికీ కనబడలేదు. 2008లో మ్యాట్ ఫ్రీడ్‌మన్ దాదాపు 5 కోట్ల సంవత్సరాల నాటి శిలాజాలలో అట్టి చేపలను గుర్తించాడు. వాటి ఒక కన్ను నడినెత్తి వైపు జరిగినది గాని రెండవ వైపునకు చేరలేదు. ఒక మంచి ప్రశ్నకు సాక్ష్యం దొరకడానికి 137 ఏండ్లు పట్టినది.

శత్రువు కంట బడకుండ కాపాడే ఆ రంగు, నేలను ఊడ్చుకొనిపోయే ట్రాలు వల నుండి ఈ చేపను కాపాడలేదు. వలలో పడిన చిన్న చేపలు ఎండుచేపలుగానో, దాణా పిండిగానో మారిపోతున్నవి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉండటం కొంత ఊరట.

విద్యార్థి మిత్రులారా! సంతలో ఎండుచేపల గంప ముందు నిలిచినపుడు, నాలుక వంటి చేప కనిపిస్తే చేతికి తీసికొని కన్నులు వెదకండి. అవి రెండూ ఒకే వైపున ఉంటే, అంత పెద్ద కథ మీ అరచేతిలో ఉన్నట్లే.