మురుగునీటిలో పండిన సిరి: తూర్పు కోల్‌కతా పల్లెలు

కోల్‌కతా మహానగరమనగానే హౌరా వంతెన, ట్రాములు, దుర్గాపూజల వైభవం మన మనస్సులో మెదలుతాయి. కాని నగరపు తూర్పు అంచున, బైపాసు రహదారికి ఆవల, వరిచేలు, కూరగాయల మళ్ళు, ‘భేరీ’లని పిలిచే విశాలమైన చేపల చెరువులు కలిగిన పల్లెలున్నాయి. నగరం విసర్జించిన దానినే సంపదగా మార్చుకొనుట ఈ పల్లెల ప్రత్యేకత.

కోల్‌కతా నేల హుగ్లీ నది నుండి తూర్పునకు వాలి ఉంటుంది. అందుచేత మురుగునీటిని తూర్పుననున్న ఉప్పునీటి చిత్తడి నేలలవైపు, విద్యాధరి నదిలోనికి మళ్ళించారు. కాలక్రమేణా ఆ నది పూడిపోయింది. సముద్రపు పోటు రాక తగ్గి ఉప్పునీటి చేపల పెంపకం దెబ్బతిన్నది. అయినా అచటి మత్స్యకారులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1930 ప్రాంతంలో మురుగునీటినే చెరువులలోనికి పారించి చేపలను పెంచటం నేర్చుకున్నారు.

వారి విధానం సరళమైనది. శీతకాలంలో చెరువు నీటిని తీసివేసి అడుగును ఎండబెడతారు. పిమ్మట మురుగునీటిని పలుచగా నింపి కొంతకాలం ఎండకు విడిచిపెడతారు. సూర్యరశ్మి, సూక్ష్మజీవులు, నాచు కలసి మాలిన్యాన్ని విరగగొడతాయి. నాచు పెరిగి చేపలకు మేతగా మారుతుంది. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు వంటి చేపలు ఆ మేతతోనే ఎదుగుతాయి. గట్ల వెంబడి పెంచే గుర్రపుడెక్క అలల తాకిడి నుండి గట్లను కాపాడుతుంది. చెరువు విడిచిన నీరు వరిచేలకు పారుతుంది.

సమీపంలోని ధాపా కథ ఇంతకన్నా పాతది. నగరపు చెత్తను పోసే ఆ నేలను 1880 ప్రాంతంలో భవనాథ్ సేన్ కౌలుకు తీసుకొని, కూరగాయల సాగు ప్రారంభించారు. నాటినుండి ధాపా కాలీఫ్లవరు, ఆకుకూరలు నగర విపణులకు చేరుతున్నాయి.

రైతుల ఈ అనుభవజ్ఞానాన్ని లోకానికి చాటినవారు రాష్ట్రప్రభుత్వ ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్. 1990లో ఐక్యరాజ్యసమితి ‘గ్లోబల్ 500’ పురస్కారం ఆయనను వరించింది. 1992లో కలకత్తా హైకోర్టు ఈ చిత్తడి నేలల రక్షణకు తీర్పునిచ్చింది. 2002 ఆగస్టు 19న 12,500 హెక్టార్ల ప్రాంతం రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ప్రత్యేక చట్టమూ వచ్చింది.

మన కొల్లేరు కూడా అదే రోజున ఆ జాబితాలో చేరింది. అయితే రెండు చోట్ల సమస్య ఒకటి కాదు. కొల్లేటిలో చేపల చెరువులే సరస్సును ఆక్రమించగా, 2006లో వాటి గట్లను తెగగొట్టవలసి వచ్చింది. కోల్‌కతాలోనో, చెరువులే నీటిని బ్రతికిస్తున్నాయి. వాటిని మింగుతున్నవి భవనాలు. 1960వ దశకంలో ఇట్టి ఉప్పునేలలను పూడ్చియే సాల్ట్‌లేక్ ఉపనగరాన్ని నిర్మించారు. నేల ధర పెరిగిన కొద్దీ చెరువులపై ఒత్తిడి పెరుగుతున్నది. కాలువలలో పూడిక చేరితే చెరువులకు నీరందదు. మురుగులో కర్మాగారాల రసాయనాలు, చెత్తలో ప్లాస్టిక్ కలసిన కొద్దీ రైతు శ్రమకు విలువ తరుగుతుంది.

అభివృద్ధి అంటే పల్లె పట్టణంగా మారటమే అనుకుంటాము. ఈ పల్లెలు పల్లెలుగా నిలిచి ఉండటమే నగరానికి మేలు. ఇక్కడొక చెరువు పూడినచో మత్స్యకారుని జీవనోపాధితోపాటు, నగరపు మురుగును ఉచితంగా శుభ్రపరచే ఏర్పాటు కూడా పోతుంది. నగరవాసులమైన మనం కనీసం ఇంటి చెత్తలో ప్లాస్టిక్‌ను వేరుచేసినా, మన పళ్ళెంలోని కూరను పండించిన ఆ రైతుకు కొంత ఋణం తీర్చుకున్నవారమవుతాము.