రక్తపరీక్ష ఎక్కడ చేస్తారు?

ఎయిడ్స్ మాట విననివారు నేడు అరుదు. విన్నంత మాత్రాన తెలిసినట్టా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆ వ్యాధి సోకే తీరు, నివారణ, అపోహలు అన్నిటికీ సరైన జవాబిచ్చిన స్త్రీలు నూటికి 21.6 మందే. పురుషులు 30.7. అంతకుముందు 2015-16లో స్త్రీల సంఖ్య 20.9. అంటే బండి కదలనే లేదన్నమాట!

పరీక్షాస్థలం సంగతి ఇలాంటి సర్వేలలో విడిగా అడుగుతారు. "హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకున్నారా?" అన్నది ముందు ప్రశ్న. లేదంటేనే "చేసే చోటు తెలుసా?" అంటారు. చేయించుకున్నవారిని తెలిసినవారి కిందే జమకడతారు. తిరకాసంతా ఇక్కడే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో తీసే రక్తానికి ఈ పరీక్ష కూడా చేస్తారు. అదే చోటికి భర్తనూ తీసుకురావచ్చని ఆమెకెవరు చెప్పారు? లెక్కలో మాత్రం ఆమెకు 'తెలుసు'. ఏ పరీక్షో చెప్పకుండా రక్తం తీస్తే, పాపం, చేయించుకోలేదనే అంటుంది.

పొలం మట్టి ఎక్కడ పరీక్షిస్తారో మా రైతుల ఇళ్ళలో ఆడవాళ్ళకూ తెలుసు. ఇదీ అలా తెలియాలి. జిల్లా, ఏరియా ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో పరీక్ష ఉచితం. ముందూ వెనకా కౌన్సెలరు మాట్లాడతారు. 2017 నాటి చట్టం ప్రకారం మన సమ్మతి తీసుకోవాలి, ఫలితం గోప్యంగా ఉంచాలి. దగ్గరి కేంద్రం ఎక్కడో 1097కు ఫోను చేస్తే చెబుతారు, పైసా ఖర్చులేదు.