పిల్లలు రాసిచ్చారు... పెద్దలు చదవలేదు

తోటి విద్యార్థుల వేధింపులకు ఒక బాలుడు బలయ్యాక, ఆ బడి పిల్లలు తమకు తెలిసిందంతా కాగితాల మీద పెట్టారు. ఆ కాగితాలను దాచిపెట్టినందుకు జపాన్‌లో ఒక నగరం కోర్టులో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, దేశానికే కొత్త చట్టం వచ్చింది. మన బడుల్లో అలాంటి కాగితం ఎవరైనా పంచుతున్నారా?

జపాన్‌లో అతిపెద్ద సరస్సు బివా. దాని ఒడ్డున ఉంటుంది ఓత్సు నగరం. 2011 అక్టోబరు 11న అక్కడి జూనియర్ హైస్కూల్లో చదివే పదమూడేళ్ల అబ్బాయి ప్రాణం తీసుకున్నాడు. మన లెక్కలో ఎనిమిదో తరగతి. వారం తిరిగేసరికి బడి యాజమాన్యం విద్యార్థులందరికీ ఒక ప్రశ్నపత్రం పంచింది. ఆ అబ్బాయి గురించి చూసింది, విన్నది రాయండి అని అడిగింది. కొందరు పేరు పెట్టి రాశారు, కొందరు పెట్టకుండా రాశారు.

హైస్కూలు పిల్లల్లో వేధింపుల మీద, ఫోన్ల ద్వారా సాగే వేధింపుల మీద దేశదేశాల నివేదికలు, చట్టాలు, గణాంకాలు తిరగేస్తుంటే అన్నిటికన్నా గట్టిగా పట్టుకుని వదలనిది ఓత్సు ప్రశ్నపత్రమే. కమిటీలు రాసిన వందల పేజీల కన్నా ఆ పిల్లలు రాసిన వాక్యాల్లో నిజం ఎక్కువగా ఉంది.

ఏం రాశారు? కొట్టేవాళ్లని రాశారు. ఆటల పోటీల రోజు చేతులు కట్టేసి, నోటికి టేపు అంటించారని రాశారు. చచ్చిన తేనెటీగను తినమని బలవంతపెట్టారని రాశారు. అతనికి ఉత్తుత్తి అంత్యక్రియలు చేసి ఆడుకున్నారని రాశారు. ఆత్మహత్య ‘ప్రాక్టీసు’ చేయించారని విన్నామని ఒకరిద్దరు కాదు, చాలామందే రాశారు. టీచర్లకు తెలుసని, చూసీ చూడనట్టు ఊరుకున్నారని కూడా రాశారు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు ఇది చిన్న ధైర్యం కాదు. తమకు మార్కులు వేసే మనిషికే ఆ కాగితం చేరుతుందని తెలిసీ రాశారు.

మరి పెద్దలు ఏం చేశారు? ‘విన్నాం’ అని రాసినవాటిని వదిలేశారు. పేరు లేనివాటిని వదిలేశారు. పేరు పెట్టి రాసినవాళ్లనైనా కూర్చోబెట్టి, ఎవరి దగ్గర విన్నావు నాయనా అని అడిగారా అంటే అదీ సరిగా జరగలేదు. వేధింపులు జరిగిన మాట నిజమే, కానీ చావుకు అవే కారణమని చెప్పలేమంటూ నగర విద్యామండలి కొద్ది వారాల్లోనే ఫైలు మూసేసింది.

తండ్రి ఆ జవాబులు చూపించమన్నాడు. చూపించారు, ఒక షరతు మీద. ఇందులో ఉన్నది బయట ఎవరికీ చెప్పనని రాసి సంతకం పెట్టించుకున్నారు. కొడుకు పోయిన మనిషి చేత, ఆ కొడుకు గురించే మాట్లాడనని హామీపత్రం! తర్వాత అధికారికంగా పత్రాలు కోరితే, వాక్యాలకు వాక్యాలు నల్లసిరా పూసి ఇచ్చారు. ఫిర్యాదు తీసుకోండని పోలీసుల దగ్గరికి వెళితే మూడుసార్లు తిప్పి పంపారు. చివరికి 2012 ఫిబ్రవరిలో ఆ కుటుంబం కోర్టుకెక్కింది.

ఆ ఏడాది జులైలో విద్యార్థుల జవాబులు పత్రికల్లో, టీవీల్లో వచ్చాయి. దేశం అట్టుడికిపోయింది. పోలీసులు బడిలోనూ, విద్యామండలి కార్యాలయంలోనూ సోదాలు చేశారు. ఓత్సు మేయర్ నవోమి కోషి అంతకు కొద్ది నెలల ముందే, 36 ఏళ్ల వయసులో ఎన్నికయ్యారు. తనూ బడి రోజుల్లో వేధింపులు పడ్డానని ఆమె బహిరంగంగా చెప్పి, మళ్లీ విచారణకు ఆదేశించారు. కుటుంబం సూచించినవాళ్లకు కూడా చోటిస్తూ బయటివాళ్లతో కమిటీ వేశారు. 2013 జనవరి 31న ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ అబ్బాయి చావుకు వేధింపులే నేరుగా కారణమని తేల్చింది. పిల్లలు పదిహేను నెలల ముందు కాగితం మీద పెట్టిన మాటే అది.

నల్లసిరా సంగతి కూడా తేలకుండా పోలేదు. 2014 జనవరిలో ఓత్సు జిల్లా కోర్టు, ఆ పత్రాలను అలా దాచడం, తండ్రి చేత ఆ హామీ రాయించుకోవడం చట్టవిరుద్ధమంది. అతనికి 3 లక్షల యెన్లు చెల్లించాలని నగరాన్ని ఆదేశించింది. మొత్తం ఉదంతంలో తమదే బాధ్యతని ఒప్పుకుని నగరం 2015 మార్చిలో కుటుంబంతో రాజీ కుదుర్చుకుంది. వేధించినవాళ్ల మీద దావా మాత్రం దాదాపు తొమ్మిదేళ్లు సాగింది. ఇద్దరు మాజీ విద్యార్థులు దాదాపు 3 కోట్ల 75 లక్షల యెన్లు కట్టాలని 2019లో కింది కోర్టు చెప్పింది. ఒసాకా హైకోర్టు దాన్ని మరుసటి ఏడాది సుమారు 40 లక్షలకు తగ్గించింది. 2021లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

దీనికి వెనక చరిత్ర ఉంది, క్లుప్తంగా చెప్పుకోవాలంటే: 1986లో టోక్యోలోని నకానోలో మరో పదమూడేళ్ల అబ్బాయి ఇలాగే పోయాడు. బతికుండగానే అతనికి తోటి పిల్లలు సంతాప కార్డు రాస్తే, దాని మీద నలుగురు టీచర్లు కూడా సంతకాలు చేశారు. అంతకు మూడేళ్ల ముందు నార్వేలో ముగ్గురు అబ్బాయిల మరణాలు ఆ దేశాన్ని కదిలించాయి. అప్పుడే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ బెర్గెన్ బడుల్లో సుమారు 2,500 మంది పిల్లలతో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, రెండేళ్లలో వేధింపులు సగానికి తగ్గాయని చూపించారు. ఆయన మొదటి పనిముట్టు కూడా పేరు రాయనక్కరలేని ప్రశ్నపత్రమే.

ఓత్సు తర్వాత జపాన్ పార్లమెంటు ఆగలేదు. వేధింపుల నివారణ చట్టాన్ని 2013 జూన్‌లో ఆమోదించింది, సెప్టెంబరు 28 నుంచి అమలు చేసింది. అందులో రెండు మూడు సంగతులు మనం శ్రద్ధగా చూడాల్సినవి. ఏది వేధింపో తేల్చేది చేసినవాడి ఉద్దేశం కాదు, పడ్డవాడి బాధ. ‘సరదాకి అన్నాం సార్’ అనే మాట అక్కడ చెల్లదు. ఇంటర్నెట్‌లో చేసినా అదే నిర్వచనం వర్తిస్తుంది. ప్రతి బడీ క్రమం తప్పకుండా పిల్లలను అడిగి తెలుసుకోవాలి. ప్రాణం మీదికో, దీర్ఘకాలం బడి మానేసేదాకానో వస్తే విచారణ జరిపి, తేలిన సంగతులు తల్లిదండ్రులకు చెప్పి తీరాలి. ఓత్సు తండ్రికి దక్కనిది ఇప్పుడు ప్రతి తండ్రికీ హక్కు.

అడగడం మొదలయ్యాక అంకెలు పెరిగాయి. 2011 విద్యా సంవత్సరంలో జపాన్ బడులు గుర్తించిన వేధింపుల ఘటనలు సుమారు 70 వేలు. మరుసటి ఏడాదికే అవి దాదాపు 1 లక్షా 98 వేలయ్యాయి. 2023 నాటికి 7 లక్షల 32 వేలు దాటాయి. పిల్లలు ఒక్కసారిగా చెడిపోయారని దీనర్థం కాదు, పెద్దలు చూడటం మొదలుపెట్టారు. మా బడిలో ఒక్క ఘటనా లేదని చెప్పే బడి, ఆ సంగతి తల్లిదండ్రులకు ప్రకటించి, నిజమో కాదో చూడమని అడగాలని అక్కడి విద్యాశాఖే సూచించింది. మన విద్యాశాఖలు అరువు తెచ్చుకోదగ్గ మంచి నియమం ఇది.

అలాగని చట్టంతో అన్నీ చక్కబడలేదు. అదే 2023లో, ప్రాణహాని లేదా దీర్ఘకాలం బడికి దూరం కావడం వంటి తీవ్ర ఘటనలు 1,306. చట్టం వచ్చాక అప్పటికి అదే అత్యధికం. ఫోన్లు, కంప్యూటర్ల ద్వారా జరిగినట్టు గుర్తించినవి 24 వేల పైచిలుకు మాత్రమే. అవి తక్కువ జరుగుతున్నాయని కాదు. తరగతి గదిలో చెయ్యి చేసుకుంటే టీచరుకు కనబడుతుంది, గ్రూపులోంచి ఒక్కణ్ని తీసేసి మిగతా అందరూ వాడి ఫొటోతో స్టిక్కర్లు చేసుకుంటే ఎవరికి కనబడుతుంది?

న్యాయం పేరుతో వచ్చిన గుంపు

ఓత్సు ఉదంతంలో బాధ కలిగించే మరో అధ్యాయం ఉంది. 2012 వేసవిలో, వేధించిన పిల్లలెవరో కనిపెడతామంటూ ఇంటర్నెట్‌లో వేలమంది బయల్దేరారు. పేర్లు, ఫొటోలు, ఇంటి చిరునామాలు పంచుకున్నారు. వాటిలో తప్పులు దొర్లాయి. ఈ కేసుతో ఏ సంబంధమూ లేని ఒక మహిళను నిందితుడి తల్లి అన్నారు. ఏ సంబంధమూ లేని ఒక ఆస్పత్రి ఉద్యోగిని నిందితుడి తాత అన్నారు. వాళ్లకు బెదిరింపులు వెల్లువెత్తాయి. ఆ ఆగస్టులో పందొమ్మిదేళ్ల విద్యార్థి ఒకడు సైతామా నుంచి వచ్చి, నగర విద్యాధికారిని ఆయన కార్యాలయంలోనే సుత్తితో కొట్టాడు. వేధింపుల మీద కోపంతో మొదలైంది ఇంకో వేధింపుగా తయారైంది. మన దగ్గర ఏ బడి వీడియో వైరల్ అయినా కిందనే ‘వీడి అడ్రస్ పెట్టండి’ అనే కామెంట్లు కనిపిస్తాయి. అలా అడిగేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండు వారాల్లో 547

జపాన్‌లోని నాగానో ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) 2017 సెప్టెంబరులో ఒక ప్రయోగం చేసింది. హైస్కూలు పిల్లలు తమ కష్టం చెప్పుకోవడానికి ఫోన్ నంబరుకు బదులు, వాళ్లు రోజూ వాడే ‘లైన్’ అనే మెసేజింగ్ యాప్‌లో చాట్ తెరిచింది. సాయంత్రం నుంచి రాత్రి వరకు సలహాదారులు అందుబాటులో ఉండేవారు. రెండు వారాల్లో 1,579 సార్లు పిల్లలు తలుపు తట్టారు, 547 సార్లు సలహాదారులు వాళ్లతో మాట్లాడగలిగారు. అంతకు ముందు ఏడాది మొత్తంలో ఫోన్‌లో వచ్చినవి 259. పిల్లలకు నోరు లేదనుకోవడం పొరపాటు, వాళ్ల నోరు టైపింగ్‌లో ఉంది.

ఇక మన సంగతి

బడిలో వేధింపుల మీద మన దేశానికి విడిగా ఒక జాతీయ చట్టం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఫిర్యాదు వచ్చినా కదలని విద్యాసంస్థ అధిపతిని నేరానికి సహకరించినవాడిగా చూడాలని అందులో గట్టి మాటే ఉంది. కానీ ఆ చట్టం పేరు కాలేజీ గోడల మీద తప్ప హైస్కూళ్లలో వినిపించదు. సీబీఎస్ఈ 2015లో బడుల్లో వేధింపుల నివారణ కమిటీలు వేయమంది. వైస్ ప్రిన్సిపల్, సీనియర్ టీచరు, కౌన్సెలర్, డాక్టరు, తల్లిదండ్రుల ప్రతినిధి... జాబితా బాగానే ఉంది. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది రాష్ట్ర బోర్డు బడుల్లో. ఐటీ చట్టం సంగతికొస్తే, అవమానకర సందేశాలకు వాడే 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. భావప్రకటన స్వేచ్ఛ కోసం అది కొట్టేయాల్సిందే. అనుమతి లేకుండా ఒంటి ఫొటోలు తీసి పంపితే 66ఈ, పిల్లల అశ్లీల చిత్రాలు పంచితే 67బీ ఉన్నాయి. గ్రూపులో నెలల తరబడి ఒక్కణ్ని ఏడిపించడానికి మాత్రం వీటిలో ఏదీ నేరుగా అతకదు.

చట్టం సంగతి అటుంచితే, మన దగ్గర అడ్డుపడేది రెండు మాటలు. పిల్లాడు చెబితే ‘చాడీలు చెప్పకు’ అంటాం. తల్లి వచ్చి చెబితే ‘పిల్లలన్నాక ఆడుకుంటారమ్మా’ అంటాం. ఒకే ఏడాదిలో ఈ రెండూ విన్న పిల్లాడు ఇక ఎవరికీ చెప్పడు. హాస్టళ్లలో, గురుకులాల్లో చదివే పిల్లలకైతే సాయంత్రం ఇంటికెళ్లి అమ్మకు చెప్పుకునే వీలు కూడా ఉండదు. వేధించేవాడిదీ, పడేవాడిదీ ఒకే గది. వరండాలో ఫిర్యాదుల పెట్టె వేలాడదీస్తే సరిపోదు. అందరి కళ్లముందు అందులో కాగితం వేసేవాడెవడు? అందరికీ ఒకేసారి కాగితం పంచితే, అందరూ ఏదో ఒకటి రాస్తారు, రాసినవాడెవడో తెలియదు. ఓత్సు పిల్లలు నోరు విప్పగలిగింది అందుకే. ఆ కాగితం వాళ్ల చేతికి ఒక పిల్లాడు పోయాక కాకుండా ముందే అంది ఉంటే అనే ప్రశ్నకు ఆ నగరం దగ్గర జవాబు లేదు.

దీనికి బడ్జెట్ అక్కర్లేదు. నెలకోసారి, పేరు రాయనక్కరలేని తెల్లకాగితం, మూడు ప్రశ్నలు చాలు. నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా? ఎవరినైనా ఏడిపించడం చూశావా? ఫోన్లో ఏమైనా జరుగుతోందా? క్లాస్ టీచరు కాక వేరొకరు చదవాలి. ‘విన్నాను’ అన్నదాన్నీ వదలకుండా ఆరా తీయాలి. వారంలోగా ఏం చేశారో రాసిపెట్టాలి. ఫోన్ వేధింపులైతే ఇంట్లో ముందు చేయాల్సింది పిల్లాడి ఫోన్ లాక్కోవడం కాదు, స్క్రీన్‌షాట్లు దాచడం. ఫోన్ పోతుందనే భయంతోనే చాలామంది పిల్లలు నోరెత్తరు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416. రెండూ రాత్రీ పగలూ పనిచేస్తాయి, రెండింట్లోనూ తెలుగులో మాట్లాడొచ్చు.

తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి తర్వాత అడగవచ్చు. ఈ ఏడాది పిల్లలను వేధింపుల గురించి ఎప్పుడు అడిగారు, వాళ్లు రాసింది ఎవరు చదివారు, చదివాక ఏం చేశారు? ఈ మూడింటికీ ప్రధానోపాధ్యాయుల దగ్గర జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.