అడవి నాభి గడ్డ – గర్భిణులకు అపాయము



వానలు పడగానే అడవి అంచులందును, కంచెలమీదను పసుపు, ఎరుపు కలసిన పూలతో ప్రాకు అడవి నాభి తీగను మీరెరుగుదురు. పూవు అందమైనదే. గడ్డ నాగలివలె వంకరగా నుండుటచే సంస్కృతమున ‘లాంగలి’ అనిరి. ‘గర్భనుత్’ అనియు పేరు కలదు. గర్భమును వెడలగొట్టునదని అర్థము.

కాన్పు త్వరగా కావలెనని ఈ గడ్డను నూరి బొడ్డుచుట్టు పూయుట, లోనికిచ్చుట పాతవాడుక. ఇది కూడదు. గడ్డలోని కోల్చిసిన్ అను విషము బిడ్డనే కాదు, తల్లిని సైతము చంపగలదు. కొద్ది గంటలలో గొంతుమంట, వాంతులు, విరేచనములు పట్టుకొనును. విరుగుడు మందు లేదు. వాంతులు తగ్గినవని ఇంట నుంచరాదు. తరువాత గుండె, మూత్రపిండములు దెబ్బతినవచ్చును. వెంటనే 108కు ఫోను చేయుడు. మిగిలిన గడ్డముక్కను డాక్టరుకు చూపుడు.

దుక్కిలో దొరకిన గడ్డను ఇంటికి తేకుడు. చిలగడదుంపయని పొరపడి వండుకొను ప్రమాదము కూడ కలదు.