తలో చోటి ముక్కలు, ఒక్క గిటార్: అపోహలు – వాస్తవాలు

నెక్ ఒక ఊరి నుంచి కొరియర్‌లో వస్తుంది. పికప్‌లు ఇంకో దేశం నుంచి వస్తాయి. బాడీని హన్మకొండలో తెలిసిన వడ్రంగి కోసి ఇస్తాడు, రంగు కార్ల షెడ్డులో పడుతుంది. నచ్చిన గిటార్ కోసం సికింద్రాబాద్ రైలెక్కే వరంగల్‌లో, పిల్లలు తమ గిటార్ తామే కట్టుకోవాలనుకోవడం నాకు ఎంతో సంతోషం. అయితే ఈ పని ఉత్సాహంగా మొదలుపెట్టి సగంలో అటక మీద పడేసినవాళ్లనూ చూశాను. చాలాసార్లు వాళ్లను ఆపింది ఎవరో చెప్పగా విన్న మాటలే. ఆ మాటలను ఒక్కొక్కటిగా సరిచూద్దాం.

అపోహ: ముక్కలు కలిపి కట్టింది అసలు గిటార్ కాదు, అతుకుల బొంత.

వాస్తవం: లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు. 1950లో తన కంపెనీ అమ్మకానికి పెట్టిన గిటార్‌కు నెక్‌ను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బాడీకి బిగించాడు. నెక్ పాడైతే విప్పేసి కొత్తది వేసుకోవాలన్నది ఆయన లెక్క. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌దీ అదే పద్ధతి. అంటే ముక్కలు మార్చుకునే వీలు ఆ వాద్యంలో మొదటినుంచీ ఉంది.

గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1970లో అమెరికాలోని నాష్‌విల్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు కొన్ని కొని, మూడింటిలోంచి మంచి భాగాలు తీసి ఒక్కటి చేశాడు. ‘బ్లాకీ’ అని పేరుపడ్డ ఆ గిటార్ 2004 వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. మరో గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ కథ మన పనికి ఇంకా దగ్గరిది. ఒక కంపెనీ పక్కన పెట్టిన బాడీని 50 డాలర్లకు, నెక్‌ను 80 డాలర్లకు కొని, పాత గిబ్సన్ గిటార్‌లోని పికప్‌ను పీకి అందులో పెట్టాడు. ఆ పికప్ మీది మొనల వరుస ఈ బ్రిడ్జ్ మీది తీగల వరుసకు కుదరలేదు. అందుకే పికప్‌ను ఏటవాలుగా బిగించాడు. 1978లో వచ్చిన అతని బృందం మొదటి ఆల్బమ్‌లో మోగింది ఆ గిటారే.

మనవాళ్లలో చెప్పాలంటే నాకు మొదట గుర్తొచ్చేది పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. జంట తీగల మీద గమకం పలికించడం కష్టం, మోత కూడా త్వరగా చచ్చిపోతుంది. ఆయన జతలు వదిలేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదో తీగ చేర్చుకున్నాడు, ఎలక్ట్రిక్ మాండలిన్ చేతబట్టాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసిన ఆ పిల్లవాడికి 1998లో పద్మశ్రీ వచ్చింది. పెట్టెలో వచ్చిన వాద్యం మన సంగీతానికి చాలకపోతే వాద్యాన్నే మార్చుకోవచ్చని చూపించిన తెలుగువాడు ఆయన. సొంతంగా గిటార్ కట్టుకునే కుర్రాడు చేసేదీ ఆ కోవలోని పనే.

అపోహ: ఏ నెక్ అయినా ఏ బాడీకైనా పడుతుంది. నాలుగు స్క్రూలు బిగిస్తే సరి.

వాస్తవం: అటకెక్కిన గిటార్లలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగినవి. ఫెండర్ తరహా నెక్ మడమ వెడల్పు సుమారు 56 మిల్లీమీటర్లు. అది కూర్చునే గుంట లోతు సుమారు 16. ఈ కొలతలు కలిసినా మూల ఆకారం కలవకపోవచ్చు. ఫెండర్‌దే అయిన టెలికాస్టర్ నెక్ మడమ తిన్నగా కోసినట్టు ఉంటుంది, స్ట్రాటోకాస్టర్‌ది గుండ్రంగా తిరుగుతుంది. రెండోదాన్ని మొదటిదాని గుంటలో పెడితే మూలల్లో సందు మిగులుతుంది. మొదటిదాన్ని రెండోదాని గుంటలో పెట్టాలంటే ఉలి పట్టాల్సిందే.

కంటికి కనపడని తేడా అంతకంటే పెద్దది. తల దగ్గరి నట్ నుంచి బాడీ మీది బ్రిడ్జ్ దాకా తీగ మోగే పొడవును స్కేల్ అంటారు. ఫెండర్‌ది 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. గిబ్సన్‌ది 24.75 అంగుళాలు, 629 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. తేడా 19 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఫ్రెట్లన్నీ ఆ పొడవును బట్టే కొట్టి ఉంటాయి. గిబ్సన్ స్కేలు నెక్‌ను ఫెండర్ కొలతకు పెట్టిన బ్రిడ్జ్‌తో కలిపితే, 12వ ఫ్రెట్ దగ్గర పై సా పలకాల్సిన చోట అర్ధస్వరంలో సగం దిగి పలుకుతుంది. చెవి ఉన్నవాడెవడూ దాన్ని భరించలేడు. ట్యూనింగ్ కీలు ఎంత తిప్పినా అది సర్దుకోదు.

వీణ చేసేవారికి ఈ సమస్య బాగా తెలుసు. వీణకు 24 మెట్లను మైనంలో నిలిపి, చెవితో విని, ఒక్కో మెట్టును జరిపి మేళం కడతారు. శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్లీ కడతారు. గిటార్ ఫ్రెట్లు చెక్కలో దిగగొట్టినవి, జరగవు. అందుకే జరపాల్సింది రెండో కొసను, అంటే బ్రిడ్జ్‌ను. నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేయండి. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే శాడిల్స్ ఉండాల్సిన దూరం అదే, సన్న తీగకు ఒక వెంట్రుక వాసి ఎక్కువ, మందపు తీగలకు మరికొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ. బ్రిడ్జ్ రంధ్రాలు వేసే ముందు నెక్ బిగించి, నట్ రెండు చివరల నుంచి బ్రిడ్జ్ దాకా దారం పట్టి చూడండి. ఫ్రెట్ల అంచులకు రెండు వైపులా సమానంగా ఖాళీ ఉంటేనే డ్రిల్లు చేతికి తీసుకోండి. స్క్రూ కంటే సన్నటి రంధ్రం ముందే వేసి, మరకు కాస్త సబ్బు రుద్ది తిప్పడం మన వడ్రంగులకు కొత్త కాదు. ఆ మాట వాళ్లను అడగండి, ఆనందంగా చెబుతారు.

అపోహ: మోతంతా కర్రలోనే ఉంది. రోజ్‌వుడ్ దొరక్కపోతే మంచి గిటార్ రాదు.

వాస్తవం: వీణ విషయంలో మొదటి మాట నిజం. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. తీగ కదలిక ఆ కుండను కదిలిస్తుంది, మనం వినేది ఆ కుండలోంచి వచ్చే గాలి కదలికను. ఎలక్ట్రిక్ గిటార్‌లో మైకు లేదు, కుండ లేదు. అయస్కాంతం మీద ఉక్కు తీగ కదిలితే చుట్టూ ఉన్న రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇంటర్‌లో చదువుకున్న ఫారడే సూత్రం ఇదే. పికప్‌కు చెక్క పేరు తెలియదు. 1940 ప్రాంతంలో గిటారిస్టు లెస్ పాల్ ఒక పైన్ దూలం మీద తీగలు, పికప్‌లు బిగించి మోగించి చూపించాడు. చూడటానికి బాగుండాలని రెండు పక్కలా గిటార్ రెక్కలు అతికించాడు, అంతే.

అలాగని కర్రను ఎలాగైనా కొనేయవచ్చని కాదు. బరువు, గట్టితనం, ఎండిన తీరు ముఖ్యం. మోత ఎంతసేపు నిలుస్తుందన్న దాంట్లో కర్రకూ, బిగింపుకూ పాత్ర ఉంది. టింబర్ డిపోలో టేకు ముక్క తీసుకునేటప్పుడు చేవ ఉన్నదా, పచ్చి ఆరిందా అని అడగండి. మన ఎండాకాలం చెక్కను ఎండగడుతుంది, వానాకాలం ఉబ్బిస్తుంది. పచ్చి కర్రతో చేసిన గుంటలో ఫాల్గుణంలో బిగుతుగా కూర్చున్న నెక్ జ్యేష్ఠానికల్లా కదలడం మొదలుపెడుతుంది.

రోజ్‌వుడ్ సంగతికి వస్తే, అది మన జిట్టేగి. 2017 జనవరి నుంచి ఆ జాతి కలప అంతా సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణలోకి వెళ్లింది. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. ఈలోపు పెద్ద కంపెనీలు చవక గిటార్ల ఫ్రెట్‌బోర్డులకు ‘ఇండియన్ లారెల్’ వాడటం మొదలుపెట్టాయి. ఆ పేరు చూసి ఏదో విదేశీ కర్ర అనుకునేరు. అది మన నల్లమద్ది. మొసలి వీపులా పగిలిన బెరడుతో తెలంగాణ అడవుల్లో నిలబడి ఉండే చెట్టే. అయితే ఏ కర్రయినా బిల్లున్న డిపోలోనే కొనండి, అడవిలో కొట్టించకండి.

అపోహ: గిటార్ రంగు ప్రత్యేకమైనది, ఇక్కడ దొరకదు.

వాస్తవం: మన వడ్రంగులూ, కార్ల పెయింటర్లూ ఇప్పటికీ ‘డ్యూకో’ అంటారు. అది డ్యూపాంట్ కంపెనీ 1920లలో కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ పేరు. ఫెండర్ తన రంగు రంగుల గిటార్లకు వాడింది ఆ కంపెనీ కార్ల రంగులనే. కాబట్టి కారు షెడ్డులో రంగు వేయించుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. నెక్ గుంటలో మాత్రం రంగు పడకుండా టేపు వేయించండి. అక్కడ రంగు మందం పేరుకుంటే బిగింపు కుదరదు.

అపోహ: ఓమ్‌లు ఎక్కువున్న పికప్ గొప్పది. కాలిపోతే మోటారు వైండింగ్ షాపులో చుట్టించుకోవచ్చు.

వాస్తవం: ఓమ్‌లు తీగ పొడవునూ సన్నదనాన్నీ చెబుతాయి, శక్తిని నేరుగా చెప్పవు. సన్న తీగ చుడితే తక్కువ చుట్లకే ఓమ్‌లు పెరుగుతాయి. అయస్కాంతం ఏదన్నదీ లెక్కలోకి రావాలి. స్ట్రాటోకాస్టర్ పికప్‌లో సుమారు 8 వేల చుట్లు ఉంటాయి, తీగ మందం 0.063 మిల్లీమీటర్లు. తీగ మందానికి మనం వాడే ఎస్‌డబ్ల్యూజీ లెక్కలో 46 నంబరుకు దగ్గర. బోరు మోటార్లు కాలే ఊరు మనది, వైండింగ్ చేతులకు కొదవ లేదు. ఆ చేతుల నేర్పు మీద నాకు ఎంతో గౌరవం. కానీ వాళ్లు రోజూ చుట్టే తీగ దీనికంటే ఎన్నో రెట్లు మందం. ఈ తీగ గట్టిగా లాగితే తెగుతుంది. సన్నటి తీగ తెప్పించి ఇచ్చి, చుట్లు లెక్కపెట్టే పరికరం ఉన్నవాళ్లనే అడగండి.

అపోహ: వాల్యూమ్ పాట్ ఏదైనా ఒకటే.

వాస్తవం: ఒకే కాయిల్ ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌కు 250 కిలో ఓమ్, రెండు కాయిళ్లున్న హంబకర్‌కు 500 కిలో ఓమ్ వాడటం ఆనవాయితీ. తారుమారైతే మోత చెడిపోదు గానీ, మొద్దుబారడమో, చెవిలో గుచ్చుకోవడమో జరుగుతుంది. పాట్ ఇరుసు పళ్లు అంగుళాల కొలతా, మిల్లీమీటర్ల కొలతా చూసుకోకపోతే నాబ్ దిగదు.

అపోహ: తీగలు ఎత్తుగా ఉంటే ట్రస్ రాడ్ బిగించాలి.

వాస్తవం: నెక్ లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్ నెక్ వంపును సరిచేస్తుంది. తీగల ఎత్తును శాడిల్స్, నట్ గాడులు నిర్ణయిస్తాయి. ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడండి. పావు మిల్లీమీటరు ఉంటే చాలు. తిప్పాల్సి వస్తే ఒకసారికి పావు చుట్టుకు మించొద్దు.

అపోహ: ఇలా కడితే కొన్న గిటార్‌లో సగం ధరకే వస్తుంది.

వాస్తవం: రాదు. ముక్కలు విడిగా కొంటే కొరియర్, సుంకం విడివిడిగా పడతాయి. నట్ గాడులు కోసే ఆకురాళ్లు, ఫ్రెట్లు సమం చేసే కడ్డీ కొంటే వాటి ఖర్చు వేరే. తిరిగి అమ్మితే ముక్కల ధర కూడా రాదు. డబ్బు మిగుల్చుకోవడానికైతే తయారు గిటార్ కొనుక్కోండి. మీ చేతికి సరిపోయే నెక్, మీ చెవికి నచ్చిన పికప్ ఒకే వాద్యంలో కావాలంటే ఈ దారి పట్టండి. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. తల మీద పెద్ద కంపెనీ స్టిక్కర్ అతికించకండి. అది కొనేవాడిని మోసం చేయడమే. మీ పేరు రాసుకోండి.

అపోహ: బుర్రుమని హమ్ వస్తుంటే ఆంప్ ప్లగ్గుకున్న మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, తీసేయాలి.

వాస్తవం: మన కరెంటు 230 ఓల్టులు, 50 హెర్ట్జ్. సింగిల్ కాయిల్ పికప్ ఆ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది. గిటార్ లోపల రాగి రేకు అతికిస్తే ట్యూబ్‌లైట్ల గరగర తగ్గుతుంది గానీ ఆ హమ్ పూర్తిగా పోదు. అది పోవాలంటే ఒకదానికొకటి ఎదురు దిశలో చుట్టిన రెండు కాయిళ్లుండే హంబకర్ కావాలి. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గుతోందంటే భయపడనక్కర్లేదు. బ్రిడ్జ్‌కు కలిపిన ఎర్త్ తీగ పనిచేస్తోందన్నమాట. దాన్ని కత్తిరించకండి.

గిటార్‌లో పుట్టేది మిల్లీ ఓల్టులే, అది ఎవరినీ చంపదు. ప్రమాదం ఆంప్‌లోనూ, ఎర్త్ లేని మైకులోనూ ఉంది. 1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ వేదిక మీద ఎర్త్ లేని మైకును తాకి చనిపోయాడు. అతనికి అప్పటికి 30 ఏళ్లు కూడా నిండలేదు. మన గణపతి మండపాల్లో, కాలేజీ పండుగల్లో వాన నీళ్లలోంచి లాగిన వైర్లకు, పిన్ను విరిచిన ప్లగ్గులకు ఆంప్‌లు తగిలించడం నేను ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ గుండె ఆగినంత పనైంది.

మూడో పిన్ను ఉన్న ప్లగ్గే వాడండి. మండపానికి కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని కమిటీవాళ్లను అడగండి. వాయించే ముందు మల్టీమీటర్‌ను ఏసీ ఓల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్ మీ గిటార్ తీగకూ, ఇంకోటి మైకు జాలీకీ ఆనించండి. సున్నాకు దగ్గరగా చూపిస్తేనే తీగ మీటండి. పదులూ వందలూ చూపిస్తే ఎంతమంది జనం ఎదురుచూస్తున్నా సరే, వేదిక దిగి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.